మొదటి ట్యాంకుకు ఎయిర్‌బ్రష్ వద్దు

ఫోన్ కొనేటప్పుడు చేసే పనే మనవాళ్లు స్కేల్ మోడల్స్ దగ్గర కూడా చేస్తున్నారు. ముందు స్పెక్స్. నీడిల్ 0.2 మిల్లీమీటర్లా, 0.3 మిల్లీమీటర్లా? కంప్రెసర్‌కు ఎయిర్ ట్యాంక్ ఉందా? ఎంత ప్రెషర్ ఇస్తుంది? పది వీడియోలు చూసి, కార్ట్‌లో పెట్టి, సేల్ వచ్చేదాకా ఆగి ఎయిర్‌బ్రష్ సెట్ కొనేస్తారు. అసలు కిట్ మాత్రం కవర్ కూడా విప్పకుండా బీరువా మీద పడి ఉంటుంది. ఈ హాబీలోకి వద్దామనుకునే తమ్ముళ్లు పెట్టే మెసేజ్‌ల్లో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "అన్నా, ఐదు వేలలోపు ఏ ఎయిర్‌బ్రష్ బెస్ట్?"

నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. మొదటి మోడల్‌కు ఏదీ వద్దు.

నాకు ఎయిర్‌బ్రష్ మీద కోపమేం లేదు. నా టేబుల్ మీదా ఒకటుంది, వాడుతుంటాను కూడా. కానీ పుట్టపర్తిలోనో, ధర్మవరంలోనో, హిందూపురంలోనో అద్దె గదిలో కూర్చుని మొదటిసారి ట్యాంకు కట్టే మనిషికి అది ఆఖరున కొనాల్సిన వస్తువు. ఆ డబ్బులో పావు వంతు లైటు మీద, బ్లేడు మీద, రెండు మంచి బ్రష్‌ల మీద పెడితే మోడల్ ఇంకా బాగా వస్తుంది. ఊపిరితిత్తులు కూడా బాగుంటాయి. ఆ సంగతి చివర్లో చెప్తా.

ఈ హాబీ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పెట్టెలో ప్లాస్టిక్ ఫ్రేములకు అతుక్కుని వందల భాగాలుంటాయి. ఆ ఫ్రేములనే స్ప్రూ అంటారు. భాగాలు కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగు వేయాలి. సైనిక వాహనాల్లో ఎక్కువగా దొరికే సైజు 1/35. ఈ వింత నెంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో గాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన తమియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ చేసింది. లోపల రెండు బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేలా బాడీ గీస్తే నిష్పత్తి దాదాపు 1/35 దగ్గర తేలింది. తర్వాత మిగతా కంపెనీలూ అదే పట్టుకున్నాయి. అంటే ఇవాళ ప్రపంచమంతా వాడే ఒక స్టాండర్డ్‌ను నిర్ణయించింది బ్యాటరీ సైజు!

మరి ఏ బండి కట్టాలి? అందరూ జర్మన్ టైగర్ ట్యాంకు దగ్గరే మొదలుపెడతారు. నేనైతే బీఎంపీ-2 కట్టమంటా. దాన్ని మన దేశంలో సరథ్ పేరుతో తయారుచేసింది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. తెలుగు నేల మీద తయారైన సాయుధ వాహనం అది. ముగ్గురు సిబ్బంది, వెనక ఏడుగురు సైనికులు, 30 ఎంఎం ఫిరంగి, నీళ్లలో ఈదే శక్తి. ట్రంపెటర్, జ్వెజ్దా కంపెనీలు 1/35లో బీఎంపీ-2 కిట్లు చేశాయి. అసలు బండి పొడవు సుమారు 6.7 మీటర్లు. 35తో భాగిస్తే 19 సెంటీమీటర్లు, అంటే మన ఫోన్ కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ. గదిలో ఎక్కడైనా పడుతుంది.

ఇక డబ్బు సంగతి. విదేశీ కిట్లు కస్టమ్స్ లెక్కలో బొమ్మల కిందికి వస్తాయి. 9503 అనే శీర్షిక కింద చిన్నపిల్లల ట్రైసైకిళ్లు, బొమ్మలు, పజిళ్లు, వాటితో పాటు స్కేల్ మోడళ్లు. 2020 బడ్జెట్‌లో ఈ బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది. 2023లో 70 అయింది. దాని పైన జీఎస్టీ. దేశంలో బొమ్మలు తయారుచేసేవాళ్లను కాపాడాలన్నది ఉద్దేశం, అందులో తప్పేం లేదు. కానీ పెద్దవాళ్లు నెలల తరబడి కూర్చుని కట్టే కిట్‌ను మూడేళ్ల పాప ట్రైసైకిల్‌తో ఒకే గాటన కట్టడం నాకు సబబుగా అనిపించదు. తమాషా ఏంటంటే, కస్టమ్స్ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ కొత్త క్యాంపస్ మన జిల్లాలోనే ఉంది. పాలసముద్రం దగ్గర 2024 జనవరిలో ప్రారంభమైంది. బెంగళూరు బస్సులో అటుగా పోయినప్పుడల్లా నాకు 9503 గుర్తొస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన చేతికి వచ్చేసరికి కిట్ ఖరీదైన వస్తువు. ఎయిర్‌బ్రష్ పట్టుకోవడం నేర్చుకోవడానికి దాన్ని బలిపెట్టలేం. ట్రిగ్గర్ వెనక్కి ఎంత లాగాలి, రంగు ఎంత పలచన చేయాలి, నాజిల్ ఎప్పుడు పూడుకుపోతోంది, ఎలా కడగాలి... ఇవన్నీ విడిగా నేర్చుకోవాల్సిన విద్యలు. భాగాలు శుభ్రంగా కత్తిరించడమే ఇంకా రానివాళ్లు రెండు విద్యలు ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే రెండూ సగంలో ఆగుతాయి.

పైగా ఎయిర్‌బ్రష్ ఒక నిజాన్ని దాచలేదు. అరగదీయని అతుకు మీద ఎంత సన్నగా రంగు చల్లినా ఆ గీత కనబడుతుంది. నిజానికి ఇంకా బాగా కనబడుతుంది.

పనిముట్లు మన బజార్లోనే ఉన్నాయి

హాబీ షాపు అంటే మనకు దగ్గర్లో బెంగళూరే. హిందూపురం నుంచి కూడా వంద కిలోమీటర్ల పైచిలుకు. కానీ కిట్, జిగురు, రంగులు తప్ప మిగతా వాటి కోసం అంత దూరం పోనక్కర్లేదు. ముందు మొబైల్ రిపేర్ చేసేవాళ్ల టేబుల్ చూడండి. అది మోడల్ కట్టే టేబులే. భూతద్దం ఉన్న లైటు, వంకర మొన ట్వీజర్స్, సర్క్యూట్ బోర్డు మీద తీగలు కొసకంటా కత్తిరించే చిన్న కట్టర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అన్నీ మనకు పనికొచ్చేవే. వాళ్లు ఎక్కడ తెప్పించుకుంటారో అడిగితే చెప్తారు. నేను అడిగినప్పుడు "ఏం నా, సాఫ్ట్‌వేర్ ఇడిసిపెట్టి మా పొట్ట కొడతావా ఏంది" అని నవ్వి, తన దగ్గర అదనంగా ఉన్న కట్టర్ ఇచ్చి పంపాడు ఒకాయన.

మెడికల్ షాపులో 11 నెంబర్ సర్జికల్ బ్లేడ్లు, దానికి సరిపోయే 3 నెంబర్ పిడి అడగండి. హాబీ కత్తి పేరుతో ఆన్‌లైన్లో అమ్మేవాటికన్నా పదునెక్కువ, ధర తక్కువ. మొన త్వరగా విరుగుతుంది కాబట్టి ఒత్తి కోయకూడదు, నాలుగు సార్లు తేలిగ్గా గీయాలి. పాత బ్లేడును ఊరికే చెత్తబుట్టలో వేయకండి, చెత్త ఏరేవాళ్ల చేతులు తెగుతాయి. ఒక మూతున్న డబ్బాలో వేసి పెట్టండి.

కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్లకు సరుకు అమ్మే దుకాణంలో వాటర్ పేపర్ దొరుకుతుంది. 400, 800, 1500 నెంబర్లు చాలు. నీళ్లలో ముంచి రుద్దాలి, అప్పుడు ప్లాస్టిక్ పొడి గాల్లోకి లేవదు. కంసాలులు వాడే సన్న ఆకురాళ్ల సెట్ ఒకటి తీసుకోండి. ఫ్యాన్సీ షాపులో గోళ్లు మెరుగుపెట్టే బఫర్ కూడా మంచి పనిముట్టే, చెప్పుకోవడానికి సిగ్గుపడొద్దు. అదే పెయింట్ దుకాణంలో ఎన్‌సీ థిన్నర్ కూడా కనిపిస్తుంది. అది మాత్రం మోడల్ దగ్గరికి రానివ్వద్దు. కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరిన్, ఆ థిన్నర్ తగిలితే కరిగిపోతుంది.

ఆ మాటకొస్తే జిగురు పనిచేసేది కూడా కరిగించే. పల్చటి లిక్విడ్ సిమెంట్ రెండు భాగాల అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. భాగాలను కలిపి పట్టుకుని అతుకు మీద బ్రష్ తాకిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. ఫెవిక్విక్ లాంటివి లోహపు భాగాలకు ఉంచుకోండి.

మన ఎండ, మన నీళ్లు

రంగు గురించి రివ్యూలు చెప్పేవి ఎక్కువగా చల్లటి దేశాల మాటలు. ధర్మవరంలో మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటినప్పుడు నీటితో కలిపే యాక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది. రెండో గీత వేసేసరికి మొదటిది సగం ఆరి, బ్రష్‌కు తగులుకుని పెచ్చులా లేస్తుంది. ఎయిర్‌బ్రష్ అయితే ఇంకా కష్టం, నీడిల్ మొన మీద రంగు గడ్డకట్టి ఉమ్మినట్టు చుక్కలు పడతాయి. దీనికి ఖరీదైన మందేం లేదు. మూతున్న స్టీలు డబ్బాలో తడి టిష్యూ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగు అక్కడ కలుపుకోండి. వెట్ ప్యాలెట్ అంటే అంతే. మూత పెడితే మర్నాడు కూడా రంగు పనికొస్తుంది. రంగులో రెండు చుక్కలు రిటార్డర్ కలిపితే ఆరడం నెమ్మదిస్తుంది. తెల్లవారుజామున పని చేసుకుంటే ఇంకా మంచిది. ఫ్యాన్ ఆపాలి కదా, దుమ్ము పడకుండా!

నీళ్ల సంగతి ఏ రివ్యూలోనూ చూడలేదు. మన బోరు నీళ్లలో లవణాలెక్కువ. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది చూసే ఉంటారు. ఆ నీళ్లతోనే రంగు పలచన చేస్తే, ఆరాక ముదురు ఆకుపచ్చ మీద అదే తెలుపు మరకలా తేలుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేదే, ఒక క్యాన్ ఏడాది వస్తుంది. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే అదీ పర్వాలేదు. వల్లేహో లాంటి రంగులకు ఈ నీళ్లు సరిపోతాయి. తమియా యాక్రిలిక్‌లకు మాత్రం వాళ్ల థిన్నర్ గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ బాగా కుదురుతుంది.

పలచన అంటే ఎంత పలచన? పాలంత అంటారు అందరూ. నేనైతే నిమ్మలకుంట పోయి చూడమంటా. ధర్మవరం దగ్గరి ఆ ఊళ్లో తోలుబొమ్మలు చేస్తారు. ఆ పనికే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు మీద బొమ్మ గీస్తారు, చిన్న చిన్న ఉలులతో నగల కోసం చిల్లులు కొడతారు, రెండు వైపులా రంగు వేస్తారు. వెనక దీపం పెట్టినప్పుడు వెలుతురు ఆ రంగులోంచి దూరి రావాలి. మందంగా పులిమితే బొమ్మ నల్లటి నీడ అయి కూర్చుంటుంది. మనకు కావాల్సిన చెయ్యి అదే. ఒక్క పూతలో ప్లాస్టిక్ కప్పేయాలని చూడకుండా, కింది రంగు కనబడేంత పల్చగా మూడు నాలుగు పూతలు, ఒక్కోదాన్నీ పూర్తిగా ఆరనిచ్చి. మొదటి పూత ఆరాక చాలా అసహ్యంగా ఉంటుంది. అక్కడే చాలామంది భయపడి ఎయిర్‌బ్రష్ వెతుకుతారు. మూడో పూత దాకా ఆగండి.

బ్రష్ విషయంలో ఒక మాట. 000 నెంబర్ సన్న బ్రష్ కొనేస్తారు వివరాల కోసం. దాని మీద నిలిచేంత రంగు మోడల్ దాకా వచ్చేలోపే ఆరిపోతుంది. మొన చెదరని 1 లేదా 2 నెంబర్ రౌండ్ బ్రష్ ఒకటి, బాడీకి అర అంగుళం మెత్తటి ఫ్లాట్ బ్రష్ ఒకటి చాలు.

రంగుకు ముందు ప్రైమర్ తప్పదు. స్ప్రే క్యాన్ వాడొచ్చు, మేడ మీద, గాలి లేవక ముందు, అడుగు దూరం నుంచి, పల్చగా. ఏ క్యాన్ అయినా ముందు ఖాళీ స్ప్రూ ముక్క మీద చల్లి, ప్లాస్టిక్‌ను తినడం లేదని చూసుకున్నాకే మోడల్ మీదికి.

కోడ్ రాసేవాళ్లకు తర్వాతి భాగం తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఇదంతా డిపెండెన్సీల గొడవే. పై పొరలో ఉన్న ద్రావకం కింది పొరను కరిగించకూడదు. యాక్రిలిక్ బేస్ బాగా ఆరాక దాని మీద ఆయిల్ పెయింట్ వాష్ వేస్తే బేస్ కదలదు, ఎందుకంటే ఆయిల్ పెయింట్‌ను కరిగించే టర్పెంటైన్ ఆరిన యాక్రిలిక్‌ను ఏమీ చేయలేదు. తప్పు చేసినా టర్పెంటైన్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచేయొచ్చు, అన్‌డూ బటన్ లాగా. వరస ఇదీ: బేస్, దాని మీద గ్లాస్ వార్నిష్, డెకాల్స్, ఆ తర్వాత వాష్, చివర మ్యాట్ వార్నిష్. మధ్యలో గ్లాస్ ఎందుకంటే, నున్నటి ఉపరితలం మీద వాష్ సందుల వెంట పరిగెత్తుతుంది. గరుకు మీద వేస్తే మరకై వ్యాపిస్తుంది.

వాష్ అంటే మరేం కాదు, బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగు బఠాణీ గింజంత తీసుకుని టర్పెంటైన్‌లో టీ డికాషన్ రంగు వచ్చేలా కలపడం. సన్న బ్రష్‌తో రివెట్ పక్కన, తలుపు అంచున తాకిస్తే గీతలోకి దానంతటదే పారుతుంది. దీని ప్రయోజనం చూడాలంటే లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూడండి. 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు. రంగులు కొన్నే, ఎక్కువగా మట్టి రంగులు. కానీ ఒక్కో ఆకారం చుట్టూ నల్లటి గీత ఉంటుంది. కింద నిలబడి మెడ ఎత్తి చూసేవాళ్లకు అంత ఎత్తున కూడా ముఖం ముఖంగా, చీర అంచు అంచుగా తెలిసేది ఆ గీత వల్లే. 19 సెంటీమీటర్ల బండి మీద తలుపు సందుకు పడాల్సిన నీడ తనంతట తాను పడదు, మనమే గీయాలి. ఈ పనికి ఎయిర్‌బ్రష్ అక్కర్లేదు.

తర్వాత పెయింట్ లేచిపోయిన గాట్లు. ఇక్కడ వీడియోలు మనవాళ్లను బాగా చెడగొట్టాయి. బండి పది కిలోమీటర్లు పోయొచ్చిందా, పదేళ్లు సముద్రంలో మునిగిందా తెలియనంతగా తుప్పు పట్టిస్తారు. లెక్క వేయండి: మోడల్ మీద ఒక మిల్లీమీటర్ గాటు అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల గాటు పెడితే అరచేతి వెడల్పున పెయింట్ ఊడినట్టు. సైన్యం రోజూ చూసుకునే బండి అలా ఉండదు. కొత్త ఫోన్ పెట్టెలో వచ్చే మెత్తటి ఫోమ్ ముక్క తుంచి, ముదురు గోధుమ రంగులో అద్ది, కాగితం మీద దాదాపు మొత్తం తుడిచేసి, సైనికుల బూట్లు తగిలే చోట, తలుపు అంచుల్లో మాత్రం తాకించండి. ట్రాక్‌ల మీద నేలకు రాసుకునే చోట తుప్పు ఉండదు, రాపిడికి ఉక్కు మెరుస్తుంది. అక్కడ పెన్సిల్ లెడ్ పొడి వేలితో రుద్దితే చాలు.

దుమ్ముకు కొనే పిగ్మెంట్ సీసాల మీద నాకు కొంచెం నవ్వొస్తుంది, ఎర్రమట్టిలో పుట్టి పెరిగినవాళ్లం కదా. మట్టిని ఎండబెట్టి, నూరి, పల్చటి గుడ్డలో వస్త్రకాళితం పడితే మంచి పిగ్మెంటే. గుడ్డలోంచి దిగనిది వాడొద్దు, 1/35లో అది దుమ్ము కాదు, గులకరాయి. ఒక చిక్కుంది. సరథ్‌ను థార్ ఎడారిలో చూపించాలనుకుంటే మన ఎర్రమట్టి అబద్ధం చెబుతుంది. అక్కడి ఇసుక పాలిపోయిన పసుపు. ముగ్గుపిండి, అదీ రాతి పిండి, కొద్దిగా కలిపి, పసుపు ఓకర్ రంగు పొడి చేర్చి తేల్చాలి. బియ్యప్పిండి ముగ్గు కలిపితే పురుగులొస్తాయి. టర్పెంటైన్‌తో తడిపి చక్రాల దగ్గర, బాడీ కింది భాగంలో వదిలేస్తే ఆరాక అతుక్కుంటుంది. పైన ఎక్కడ చల్లాలన్నా ముందు ఆ బండి ఎక్కడ, ఏ పని మీద ఉందో తేల్చుకోండి. పరేడ్‌లో పోయే బండికి దుమ్మే ఉండదు.

ఇప్పుడు ఊపిరితిత్తుల మాట. ఎయిర్‌బ్రష్ అయినా, స్ప్రే క్యాన్ అయినా రంగును మంచులా గాల్లో కలుపుతుంది. లాకర్ రంగులైతే దానితో పాటు ద్రావకం ఆవిరి. కోవిడ్ నాటి ఎన్95 మాస్క్ రంగు తుంపర్లను కొంత ఆపుతుంది గానీ ద్రావకం ఆవిరిని ఆపదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న ఆర్గానిక్ వేపర్ మాస్క్ కావాలి, ఆ క్యాట్రిడ్జ్‌లు అప్పుడప్పుడు మార్చాలి. గాలి బయటికి తోసే ఎగ్జాస్ట్ ఉండాలి. వంట, నిద్ర, పెయింటింగ్ ఒకే గదిలో చేసే బ్యాచిలర్‌కు ఇవేవీ లేవు, పక్కనే గ్యాస్ స్టవ్ మాత్రం ఉంది. స్ప్రే క్యాన్‌లో రంగును తోసే గ్యాస్, రంగులోని ద్రావకం, రెండూ భగ్గున అంటుకునేవే. ఐదు వేల బడ్జెట్లో ఎయిర్‌బ్రష్ సెట్ సూచించే రివ్యూలు ఈ మాస్క్, ఈ ఎగ్జాస్ట్ ఖర్చు కలపకుండా ధర చెప్తే అది సగం ధరే. చిన్న తమ్ముడో, పసిపాపో ఉన్న ఇంట్లో అయితే ఆ మిగతా సగం కొనలేనంత వరకు బ్రష్‌తోనే ఉండమని గట్టిగా చెప్తా.

మరి ఎయిర్‌బ్రష్ ఎప్పుడు? అంచులు మెల్లగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే కామోఫ్లాజ్ వేయాలనిపించినప్పుడు. ఆ ఒక్క పని చేత్తో దాదాపు కుదరదు. అప్పటికి రెండు మూడు మోడళ్లు కట్టి ఉంటారు, రంగు ఎంత పలచన ఉండాలో చేతికి తెలిసి ఉంటుంది. పైన కప్పు ఉండే గ్రావిటీ ఫీడ్, 0.3 నీడిల్, డబుల్ యాక్షన్ తీసుకోండి. 0.2 జోలికి పోవద్దు, మన ఎండలో అది పూడుకోవడానికే పుట్టింది. కంప్రెసర్‌కు ఎయిర్ ట్యాంక్, తేమను పట్టే ట్రాప్ ఉండాలి. 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు కాబట్టి పెట్టె మీద రాసిన గరిష్ఠ ప్రెషర్ నెంబర్‌ను పట్టించుకోవద్దు. మొదటి వారం నీళ్లూ ఇంకూ పోసి పాత న్యూస్‌పేపర్ మీద గీతలు, చుక్కలు. రెండో వారం పుట్టినరోజు కేక్‌తో వచ్చిన ప్లాస్టిక్ స్పూన్ల మీద. సరథ్ బాడీని ఆ తర్వాతే బయటికి తీయండి.